ఎండలు ముదరకముందే నీటికప్ప తొట్టి సర్దుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ మర్నాటి నుంచే నేను కప్ప తొట్టిలో థర్మామీటరు రోజుకు రెండుసార్లు చూస్తాను. ఏడెనిమిదేళ్లుగా నీటికప్పల్ని, అంటే గాజు తొట్టిలో ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పెంపుడు కప్పల్ని పెంచుతున్నాను. నా దగ్గర జబ్బుపడిన కప్పల్లో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లోనే పడ్డాయి. ప్రతిసారీ మందు కోసం పరిగెత్తాక తెలిసింది, తేడా నీళ్లలో ఉందని. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి పోతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ కప్పో తేల్చుకోండి. ముందుకాళ్ల వేళ్ల మధ్య పొర లేకుండా విడివిడిగా ఉండి, వెనక కాళ్లకు నల్లటి గోళ్లుంటే అది ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్. తెల్లగా, ఎర్ర కళ్లతో ఉండేదీ ఇదే జాతి. వేలెడంతే ఉండి నాలుగు కాళ్లకూ పొర ఉంటే డ్వార్ఫ్ ఫ్రాగ్. డ్వార్ఫ్‌కు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. క్లాడ్ ఫ్రాగ్ దక్షిణాఫ్రికా వైపు చల్లటి కుంటల్లోది, దానికి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. మన ఎండల్లో ఫ్యాను కింద పెట్టిన తొట్టి కూడా 30 దాటుతుంది. అందుకే మన ఊళ్లలో క్లాడ్ ఫ్రాగ్‌ను పెంచేవాళ్లు వేసవి గురించి రెట్టింపు జాగ్రత్తపడాలి.

చల్లబరచడానికి ఐసు ముక్కలు నేరుగా వేయకండి. గడ్డకట్టించిన వాటర్ బాటిల్ మూత బిగించి తేలేయండి, కరగ్గానే మార్చండి. నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి వీచేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అలా పెట్టినప్పుడు గాజు మూత తీసి గట్టి జాలీ వేసి దానిమీద బరువు పెట్టండి. కప్ప ఎంత సన్నటి సందులోంచైనా దూకేస్తుంది, నేలమీద కొన్ని గంటల్లో ఎండిపోతుంది. చల్లదనం మెల్లగా రావాలి. ఒక్క పూటలో అయిదారు డిగ్రీలు పడిపోతే అది మరో జబ్బు.

ఇక అసలు సంగతి, నీళ్లు మార్చడం. వేసవి మధ్యాహ్నం మిద్దెమీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. తెల్లవారుజామునే బకెట్లలో పట్టి నీడలో ఉంచుకోండి. మున్సిపల్ నీళ్లయితే మూత తీసి 24 గంటలు ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరిన్, అమోనియా కలిసిన క్లోరమైన్ ఉంటే మాత్రం అలా పోదు, కాబట్టి అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వాడటం మంచిది. అపార్ట్‌మెంట్లో సంపు కడిగి బ్లీచింగ్ వేసిన రోజున ఆ నీళ్లు తొట్టి దరిదాపులకు కూడా రానీయకండి. మా వాచ్‌మన్‌తో ముందే మాట్లాడుకున్నాను, సంపు కడిగే ముందురోజు అతను నాకు చెబుతాడు, నేను నాలుగు బకెట్లు పట్టి పెట్టుకుంటాను.

బోరు నీళ్లకు క్లోరిన్ బాధ లేదు కానీ ఇంకో చిక్కుంది. ఒత్తిడి మీద భూమిలోంచి వచ్చిన నీళ్లలో గాలి ఎక్కువగా కరిగి ఉండొచ్చు. అవి నేరుగా పోస్తే కప్ప కాలి పొరల్లో సూదిమొనంత బుడగలు కనిపిస్తాయి, చర్మం ఎర్రబారుతుంది. ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి ఉంచితే ఆ గాలి వదిలిపోతుంది. ఆర్వో నీళ్లు శుభ్రం కదా అని పూర్తిగా అవే పోసేవాళ్లున్నారు. అది తప్పు. లవణాలు లేని నీళ్లలో కప్ప ఒంట్లోంచి ఉప్పులు బయటికి పోతాయి, నీళ్లు లోపలికి చేరతాయి.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చడం మామూలు లెక్క. ఎండాకాలం రెండుసార్లు చేయండి. కప్ప మలం, మిగిలిన తిండి కుళ్లి అమోనియా పుడుతుంది. అదే అమోనియా వేడి నీళ్లలో, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎక్కువున్న నీళ్లలో ఇంకా విషం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే దానిలో విషపు భాగం దాదాపు పదిరెట్లవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల 7.5 పైనే ఉంటాయి. అమోనియా కిట్ ఒకటి కొనుక్కోండి, చూపించాల్సిన అంకె సున్నా. ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. అమోనియాను తినే మేలు చేసే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే బతుకుతుంది. కరెంటు పోయి గంటల తరబడి ఫిల్టర్ ఆగితే ఆ బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చే ప్రమాదముంది. కరెంటు రాగానే స్విచ్ వేయకుండా ఫిల్టర్ లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిని పాత తొట్టి నీళ్లలో జాడించి అప్పుడు నడపండి.

ఆరోగ్యంగా ఉన్న కప్ప చర్మం విడుస్తుంది, దాన్నే తినేస్తుంది. పల్చటి పొర వేలాడుతుంటే బూజనుకుని హడావిడి పడకండి. దూదిలా కుచ్చులుగా ఒకచోట పట్టుకుంటే అది బూజు. తొడల లోపల, పొట్ట కింద ఎర్రటి మచ్చలు రావడం రెడ్ లెగ్ లక్షణం, ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా వల్ల వస్తుంది, చాలా త్వరగా ముదురుతుంది. బెలూన్‌లా ఉబ్బి తేలిపోతే ఒంట్లో నీరు చేరినట్టు. వారం పైబడి తిండి ముట్టకపోయినా అనుమానించాల్సిందే.

ఇలా కనిపించిన రోజే ఆ కప్పను వేరే చేయండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు, కింద గులకరాళ్లు వద్దు. నీళ్లు తక్కువ లోతులో పోయండి. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే జీవాలు. నీరసించిన కప్ప పైకి ఈదలేక నీళ్లలోనే మునిగి చనిపోతుంది. నాకు మొదటిసారి ఈ సంగతి తెలియక లోతు తొట్టిలోనే ఉంచి ఒకదాన్ని పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. డబ్బాలో ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ అదే వేడిమి ఉన్న సిద్ధం చేసిన నీళ్లతో మార్చండి. చేప మందులు వేయకండి. రాగి ఉన్నవి, మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఉన్నవి కప్పకు ప్రమాదం. మనుషుల యాంటీబయాటిక్ బిళ్లలు పొడిచేసి కలపడమూ అంతే. ఉప్పు స్నానం కొన్ని జబ్బులకు పనిచేస్తుంది కానీ అయోడిన్ ఉప్పు పనికిరాదు, గుప్పెడు లెక్కన వేయకూడదు. తూకం, సమయం డాక్టరు చెప్పాలి.

కప్పల్ని చూసే పశువైద్యులు అరుదు. జబ్బు రాకముందే ఎవరున్నారో వెతికి నంబరు రాసిపెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఒక సీసాలో తొట్టి నీళ్లు విడిగా పట్టుకెళ్లండి, పరీక్షకు పనికొస్తాయి. చేత్తో పట్టుకోవాల్సివస్తే సబ్బు, శానిటైజర్, క్రీము లేని తడి చేతులతోనే. గదిలో దోమల మందు స్ప్రే చేయొద్దు.

మన జాగ్రత్త కూడా చూసుకోవాలి. 2009-11 మధ్య అమెరికాలో డ్వార్ఫ్ ఫ్రాగ్‌ల తొట్టెల నుంచి 200 మందికి పైగా సాల్మొనెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియా సోకింది, ఎక్కువమంది పిల్లలు. తొట్టి నీళ్లు వంటింటి సింకులో పోయకండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. వద్దనుకున్న కప్పను చెరువులో వదలకండి. దాంతోపాటు కైట్రిడ్ అనే చర్మపు శిలీంధ్రం మన కప్పలకు అంటుకునే ప్రమాదముంది. జబ్బు కప్ప ఉన్న నీళ్లలో బ్లీచింగ్ కలిపి గంటసేపు ఉంచి, బాత్రూం తూములో పోసేయండి. వల, డబ్బా కూడా అలాగే కడిగి బాగా ఎండబెట్టాకే మళ్లీ వాడండి.