రైబోజోమ్ పాఠాలు – 4: యాంటీబయాటిక్ ఎక్కడ అడ్డుపడుతుంది?

కణంలో ప్రోటీన్ తయారుచేసే యంత్రం రైబోజోమ్. ప్రోటీన్ తయారీ సూచనను మోసుకొచ్చే ఎంఆర్ఎన్ఏ మీది అక్షరాలను అది మూడేసి చొప్పున చదవడం కిందటి పాఠంలో చూశాం. ఆ చదువు సాగుతుండగా యాంటీబయాటిక్ ఎక్కడ చేరి ఆపుతుందో బొమ్మ మీద గుర్తించడం ఈసారి సాధన చేద్దాం. మందుల పేర్లు బట్టీ పట్టకండి. చోటు తెలిస్తే అది చేసే పని మీరే చెప్పేయగలరు.

కాగితం మీద బ్యాక్టీరియా రైబోజోమ్ గీయండి. కింద చిన్న భాగం 30ఎస్, పైన పెద్ద భాగం 50ఎస్, రెండూ కలిస్తే 70ఎస్. (ఎస్ బరువు కాదు. సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో చెప్పే కొలత. అందుకే కూడితే 80 రాదు.) రెండు భాగాల నడుమ కుడి నుంచి ఎడమకు 'ఏ', 'పీ', 'ఈ' స్థానాలు రాయండి. ప్రోటీన్‌కు ఇటుక లాంటి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏ 'ఏ'లో దిగుతుంది, పెరిగే గొలుసు 'పీ'లో ఉంటుంది, ఖాళీ అయినది 'ఈ' నుంచి వెళ్లిపోతుంది. 'పీ' దగ్గర మొదలై 50ఎస్ గుండా బయటికి పోయే సొరంగం కూడా గీయండి. ప్రోటీన్ గొలుసు వెలుపలికి వచ్చే దారి అదే.

టెట్రాసైక్లిన్‌కు 30ఎస్ మీద 'ఏ' స్థానంలో ఇంటూ పెట్టండి. కొత్త టీఆర్ఎన్ఏ దిగలేదు, గొలుసు ఆగిపోతుంది. ఈ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్న లెడర్లీ ప్రయోగశాలలో అప్పుడు పరిశోధన విభాగాన్ని నడిపించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ట్రెప్టోమైసిన్ చేరేదీ 30ఎస్ మీదే, కానీ పని వేరు: పనిని ఆపడం కన్నా చదువును తప్పిస్తుంది, దాంతో గొలుసులో తప్పుడు అమైనో ఆమ్లాలు చేరతాయి. క్లోరాంఫెనికాల్ 50ఎస్‌లో, అమైనో ఆమ్లాల మధ్య బంధం పడే చోట కూర్చుంటుంది.

ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ సొరంగం మొదట్లో చేరతాయి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఈ పాఠానికి ప్రాణం ఇదే. మందుకు పట్టు దొరికేది 50ఎస్‌లో భాగమైన 23ఎస్ ఆర్ఎన్ఏలో 2058వ అక్షరం దగ్గర. బ్యాక్టీరియాలో అక్కడ అడినైన్ అనే అక్షరం ఉంటుంది. మన రైబోజోమ్‌లో అదే చోట గ్వానైన్ ఉంది, మందుకు పట్టు చిక్కదు. సూక్ష్మజీవిని ఆపే మోతాదు మన ప్రోటీన్ తయారీని ఆపకపోవడానికి ముఖ్య కారణం ఆ ఒక్క అక్షరం. కొన్ని బ్యాక్టీరియాలు తప్పించుకునేదీ అక్కడే: ఎర్మ్ అనే ఎంజైమ్‌తో ఆ అడినైన్‌కు మిథైల్ అనే చిన్న రసాయన తోక తగిలిస్తాయి, ఇక మందు అతుక్కోదు.

అయితే మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత రైబోజోమ్‌లున్నాయి, అవి బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. క్లోరాంఫెనికాల్ వాడితే ఎముక మజ్జలో రక్తకణాల తయారీ తగ్గడం ఇందువల్లే.

అభ్యాసం: లినెజోలిడ్ 50ఎస్ మీద 'ఏ' స్థానం వైపు చేరుతుంది. బొమ్మలో ఇంటూ పెట్టి, ఏ అడుగు ఆగుతుందో ఒక వాక్యంలో రాయండి. ఈ మందు రెండు వారాలు దాటితే వారం వారం రక్తపరీక్ష ఎందుకు చేయిస్తారో కూడా రాయండి. జవాబులు 5వ పాఠంలో.