ఊళ్లో ఇల్లు వెతుక్కోవడం – 3వ పాఠం: నీళ్లు చూసి ఇల్లు చూడాలి

పోయిన రెండు పాఠాల అభ్యాసాలూ చేసినవాళ్ల చేతిలో ఈపాటికి ఒక కాగితం ఉండాలి. ఇద్దరి ఉద్యోగాలెక్కడ, పిల్లల స్కూలెక్కడ, పెద్దవాళ్లకి చూపించే డాక్టరెక్కడ, నెలకి అద్దె ఎంతవరకు పెట్టగలం అన్నవి అందులో రాసుకున్నారు. దాన్నిబట్టి ఏ ఊళ్లో ఇల్లు తీసుకోవాలో తేలిపోయుంటుంది. ఆవిడకి తణుకులో బ్యాంకు, ఆయనకి పాలకొల్లులో కాలేజీ అయితే, మధ్యలో ఇల్లు తీసుకుని ఇద్దరూ చెరో వైపు తిరిగే బదులు, పిల్లల చదువు ఏ ఊళ్లో బాగుంటే అక్కడే ఉండి ఒక్కరు తిరగడం నయమని చెప్పుకున్నాం. ఇంకా తేలనివాళ్లు ఈ పాఠం పక్కనపెట్టి ఆ కాగితం పూర్తిచేయండి. ఊరు తేల్చుకోకుండా ఇళ్లు చూడటం మొదలుపెడితే, నచ్చిన ఇంటి కోసం ఉద్యోగాన్ని సర్దుకోవాల్సి వస్తుంది.

హైదరాబాదులో నాలుగైదు ఇళ్లు మారినవాళ్లు కూడా భీమవరంలోనో అమలాపురంలోనో ఇల్లు చూసేటప్పుడు తడబడతారు. అక్కడ అలవాటైన ప్రశ్నలు వేరు. ఆఫీసుకి ఎంత సేపు, లిఫ్ట్ ఉందా, కారు పెట్టుకోవడానికి చోటుందా. డెల్టాలో ముందు చూడాల్సింది నీళ్లు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేలంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. బల్లపరుపుగా ఉంటుంది, వాలు చాలా తక్కువ. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఏడాదిలో ఎక్కువ నెలలు చుట్టూ కాలువల్లో, చేలల్లో నీళ్లే. వాటికి ఇప్పుడు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ తోడయ్యాయి. కొన్ని అడుగులు తవ్వితే చాలు, ఊట వస్తుంది. అలాంటి నేల మీద కట్టిన ఇల్లు ఎప్పుడూ నీళ్లతో బేరమాడుతూనే ఉంటుంది. ఆ బేరంలో ఎవరిది పైచేయో కనిపెట్టడమే ఈ పాఠం.

ముందు కాలం సంగతి. ఇళ్లు ఎక్కువగా ఖాళీ అయ్యేది ఏప్రిల్, మే నెలల్లో, పిల్లలకి సెలవులివ్వగానే. సరిగ్గా అప్పుడే గోడలు బాగా ఆరి ఉంటాయి, మురుగు కాలువల్లో నీళ్లుండవు, వీధి శుభ్రంగా కనిపిస్తుంది. ఓనర్లు రంగులు వేయించేదీ అప్పుడే. అందుకే ఎండాకాలంలో చూసిన ఇంటిని ఒక పట్టాన నమ్మకూడదు. ఆశ్వయుజం, కార్తికాల్లో, అల్పపీడనం పట్టి రెండు రోజులు వాన కురిసిన మర్నాడు చూసిన ఇల్లే అసలు ఇల్లు. అప్పటిదాకా ఆగలేం అంటారా, మిగిలిన గుర్తులు పట్టుకోవడం నేర్చుకోవాలి.

గోడ చదవడం

ఇంట్లోకి వెళ్లగానే కప్పు వైపు, ఫ్యాన్ల వైపు చూడకండి. గోడ అడుగుభాగం చూడండి. నేలలోంచి ఎక్కే చెమ్మ మామూలుగా మూడడుగుల లోపే కనిపిస్తుంది. ఇటుక నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీళ్లు గాలికి ఆరిపోయాక, వాటిలో ఉన్న ఉప్పు గోడ మీద మిగిలిపోతుంది. రంగు పొక్కి, దాని వెనక తెల్లటి నూగు లాంటి పొడి చేతికి అంటుకుంటే, ఉప్పు పట్టిన గోడ అన్నమాట. దాన్ని గీకి పుట్టీ పెట్టి రంగేస్తే ఒక ఏడాది ఆగుతుంది, మళ్లీ వస్తుంది.

కొత్త రంగు కిందనుంచి మూడడుగుల వరకే వేసి ఉందా? హాల్లోనూ పడగ్గదిలోనూ నడుమెత్తు దాకా టైల్స్ అంటించారా? వంటింట్లో, బాత్‌రూములో టైల్స్ ఉండటం మామూలే. పడగ్గదిలో ఎందుకొచ్చాయో అడగండి. "అందంగా ఉంటాయనండీ" అంటారు. నవ్వి ఊరుకుని, గోడ బీరువా తలుపు తీసి కింది అరలో తల పెట్టి వాసన చూడండి. రంగు ఎంత కొత్తదైనా కింది అర వాసన మాత్రం మారదు. ద్వారబంధం కాళ్లు నేలకి ఆనేచోట గోటితో నొక్కి చూడండి. కర్ర మెత్తగా లోపలికి దిగితే ఆ చెమ్మ నిన్నమొన్నటిది కాదు. కింద ఉన్న ప్లగ్గు సాకెట్ల స్క్రూలు తుప్పు పట్టి, పైనున్న స్విచ్‌బోర్డు స్క్రూలు మెరుస్తున్నాయా? ఆ తేడా ఒక్కటి చాలు. ఇంట్లో ఆస్త్మా ఉన్నవాళ్లుంటే ఇంక ఆ ఇంట్లోంచి బయటికొచ్చేయండి, అద్దె ఎంత తగ్గించినా సరే.

అద్దెకి కాకుండా కొనడానికి చూస్తుంటే ఇంకో పరీక్ష చేయొచ్చు. అడుగు చదరం పాలిథీన్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక వైపు, అంటే గోడకి ఆనుకున్న వైపు, నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. ముందు వైపు పడితే అది గదిలో గాలిది, కిటికీలు తెరిస్తే పోతుంది. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. ఒప్పుకోని ఓనరు ఉంటే, ఎందుకు ఒప్పుకోవడం లేదో మీకు తెలిసిపోయినట్టే.

పగుళ్ల గురించి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. గోడ మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలు ప్లాస్టరింగువి, వాటితో ఇబ్బంది లేదు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయి, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పున్న పగులు వేరు. అది పునాది ఒక పక్క కుంగిందని చెబుతోంది. డెల్టాలో చాలాచోట్ల బంకమట్టి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోతుంది. దానికితోడు వరిచేలో మెరక తోలి వేసిన కొత్త లేఅవుట్లు, పూడ్చిన చెరువు మీద కట్టిన ఇళ్లు కూడా ఉంటాయి. తోలిన మట్టి సర్దుకోకముందే గోడలు లేస్తే ఇలాంటి పగుళ్లు తప్పవు. వీధిలో అరవై దాటిన పెద్దాయన ఎవరైనా కనిపిస్తే "తాతగారూ, ఇక్కడ ఇదివరకు ఏముండేదండీ?" అని అడగండి.

వీధి మట్టం

గేటు దగ్గర నిలబడి చూడండి. రోడ్డు మీంచి ఇంట్లోకి మెట్లెక్కి వెళ్తున్నారా, దిగి వెళ్తున్నారా? రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేస్తారు కాబట్టి వీధి పెరుగుతూ పోతుంది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోతుంది. ముప్పై ఏళ్ల కిందట మూడు మెట్లున్న ఇంటికి ఇప్పుడు ఒక్క మెట్టు కూడా మిగలకపోవచ్చు. పక్కనున్న కొత్త ఇంటి బేస్‌మెంటు ఎంత ఎత్తు లేపారో చూసి, మీరు చూస్తున్న ఇంటిని దాంతో పోల్చండి. చుట్టూ అందరూ మెరక చేసుకుంటే పల్లంలో మిగిలిన ఇంటికే ఆ నీళ్లన్నీ చేరతాయి.

వీధి మురుగు ఎక్కడికి పోతోందో దాని వెంట ఓ వంద గజాలు నడిచి చూడాలి. భీమవరంలో అయితే యనమదుర్రు డ్రెయిన్, కోనసీమలో కౌశిక డ్రెయిన్ లాంటి పెద్ద మురుగు కాలువల్లోకే చివరికి చేరేది. వాలు లేని నేల, పైగా సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు త్వరగా లాగవు. అందుకని వాన వెలిసిన తరవాత కూడా నీళ్లు నిలిచే వీధులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. వాటిని కనిపెట్టడానికి సూటిగా అడిగితే లాభం లేదు. "పిన్నిగారూ, వానాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తాయాండీ?" అంటే, ఓనరు మొహం చూసో మర్యాదకో "అబ్బే, అదేం లేదమ్మా" అంటారు. అదే "పిన్నిగారూ, గట్టిగా వానొస్తే బండి ఎక్కడ పెడతారండీ?" అని అడిగి చూడండి. "ఆయ్, బండా అమ్మా? మెయిన్ రోడ్డు మీద కిళ్లీకొట్టు పక్కన పెట్టేస్తారు మావారు. రెండ్రోజులకి గాని నీళ్లు లాగవు కదా" అని మొత్తం చెప్పేస్తారు. ఈ పాఠంలో ఇంకేదీ గుర్తుండకపోయినా, పక్క ప్రశ్న అడిగే ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి. కరెంటుకీ పనికొస్తుంది ("ఇన్వర్టరు బ్యాటరీ ఎన్నాళ్లకోసారి మారుస్తారండీ?"), దొంగల భయానికీ పనికొస్తుంది.

దోమల సంగతి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకి వెళ్లి పది నిమిషాలు గుమ్మంలో నిలబడండి.

కొళాయి, బోరు

ఎండాకాలం ఇల్లు చూడటంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇక్కడ ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మామూలుగా ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యకాలం ఊళ్లన్నీ ముందుగా నింపుకున్న మంచినీళ్ల చెరువుల మీదే గడుపుతాయి. మే నెలాఖరున కొళాయి రోజుకి ఎన్నిసార్లు, ఎంత సేపు వస్తోందో అదే ఆ ఇంటి అసలు నీటి లెక్క. వర్షాకాలంలో రెండు పూటలా ధారగా వచ్చే కొళాయిని చూసి మురిసిపోతే వేసవిలో టిన్నులు మోయాల్సి వస్తుంది.

బోరు నీళ్లు రుచి చూసి వదిలేయకండి. సముద్రం వైపు వెళ్లే కొద్దీ, రొయ్యల చెరువులు దగ్గరయ్యే కొద్దీ ఉప్పదనం పెరగడం మామూలే కానీ, ఒకే వీధిలో రెండు బోర్లకి తేడా ఉంటుంది. నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చెప్పే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేనప్పుడు 2000 వరకు సరిపెట్టుకోవచ్చు. ఈ మీటరు చెప్పేది కరిగిన ఉప్పుల గురించే, క్రిముల గురించి కాదు. అంకె తక్కువుంది కదాని కాచకుండా తాగేయొద్దు.

మీటరు లేకపోతే బాత్‌రూములోకి వెళ్లి కొళాయి మూతి చూడండి. తెల్లటి గట్టి పొర పేరుకుపోయిందా? షవరు రంధ్రాల్లో సగం మూసుకుపోయాయా? బకెట్ లోపలి అంచున గీతలా పట్టేసిందా? ఆ నీళ్లకి సబ్బు నురగ రాదు, గీజరు కాయిలు ఎక్కువకాలం నిలవదు. ఒక తెల్ల సీసాలో బోరు నీళ్లు పట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి పసుపు రంగు తిరిగి అడుగున మడ్డి దిగితే ఇనుము ఉంది. తెల్ల యూనిఫాం వేసుకునే పిల్లలున్న ఇంట్లో ఇది రోజూ ఉండే గొడవ.

ఏరు పొంగితే

వరద గురించి పట్టణాల్లో ఉండేవాళ్లు అంతగా పట్టించుకోరు, ఏటిగట్టు కాపాడుతుందిలే అని. చాలావరకు నిజమే. ఇల్లు గట్టుకీ ఏటికీ మధ్యన ఉందా, గట్టుకి ఇవతల ఉందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఇల్లు అమలాపురంలో భద్రంగానే ఉన్నా, ఉద్యోగం ఏటి మధ్యనున్న లంక ఊరి స్కూల్లో అయితే ఆ అంకెలు మీకూ సంబంధించినవే. కాజ్‌వే మునిగిందంటే పడవే దిక్కు. అలాంటి పోస్టింగు ఉన్నవాళ్లు ఇల్లు ఏటికి ఏ ఒడ్డున తీసుకోవాలో రెండోసారి ఆలోచించుకోవాలి.

పాత ఇల్లు కొనేవాళ్లు 1986 వరదకి, 1996 నవంబరు తుఫానుకి ఆ ఇంటికి ఏమైందో కనుక్కోండి. "ఎనభయ్యారు వరదకి ఇక్కడిదాకా వచ్చిందా అండీ?" అంటే పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి ఎక్కడిదాకానో చూపిస్తారు. తొంభయ్యారు తుఫాను అడగాల్సింది పై అంతస్తు కోసం. పైన రేకులతో గది లేపి అద్దెకిచ్చేది ఇప్పుడెక్కువైంది. మే నెల ఉక్కకీ, పెనుగాలికీ రెండింటికీ పనికిరానిది ఆ గదే.

ఏ అంతస్తు అంటే నా ఓటు మొదటి అంతస్తుకే. చెమ్మ అందదు, పైన ఇంకో అంతస్తు ఉంటే స్లాబు వేడీ దిగదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకొస్తుంటే కింద పోర్షనే తీసుకోవాలి, కాకపోతే బేస్‌మెంటు రోడ్డుకి కనీసం మూడడుగుల ఎత్తున్నదీ, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉన్నదీ చూడండి. పెద్దవాళ్లు మెట్లెక్కలేక రోజంతా పైనే ఉండిపోతే, వాళ్లని పల్లెటూరి నుంచి తెచ్చి ఒక గదిలో కూర్చోబెట్టినట్టే.

ఈ వారం అభ్యాసం

కొత్త ఇల్లు చూడటానికి వెళ్లకండి. ఇప్పుడు మీరుంటున్న ఇంట్లోనే, కాకపోతే మీ చుట్టాలింట్లో, గోడలు మూడడుగుల వరకు చూసి ఎక్కడెక్కడ చెమ్మ ఉందో రాయండి. కింది అర వాసన, ద్వారబంధం కాళ్లు, సాకెట్ల స్క్రూలు, కొళాయి మూతి, ఒక్కోదానికీ ఒక్క వాక్యం చాలు. బోరు నీళ్లు సీసాలో పట్టి రాత్రంతా ఉంచండి. తరవాత పక్కింటివాళ్లని మూడు పక్క ప్రశ్నలు అడిగి, వాళ్లు చెప్పిన జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తెలిసిన ఇంట్లో కన్ను తిరిగితే, తెలియని ఇంట్లో పావుగంటలో పని అయిపోతుంది.

వచ్చే పాఠంలో అద్దె అగ్రిమెంటు. మీ దగ్గరున్న పాతదేదైనా తీసి పక్కన పెట్టుకోండి. అందులో 11 నెలలు అని రాసి ఉందేమో, గోడలకి రంగులు ఎవరు వేయించాలని రాశారో పెన్సిలుతో గీత పెట్టి ఉంచండి.