మెదడుతో తెలుగు రాత, 4వ పాఠం: గళ్లలో అక్షరాలు

మాటా కదలికా పోయినవాళ్లు మెదడు అలలతోనే రాసే పద్ధతి ఇది. పోయిన పాఠంలో పీ300 అనే మెదడు అలను చూశాం కదా, మనం కాచుకుని ఉన్న గడి మెరిశాక దాదాపు 300 మిల్లీసెకన్లకి నడినెత్తి దగ్గర అంటించిన ఎలక్ట్రోడ్లలో లేచే చిన్న ఎత్తు. 1988లో ఫార్వెల్, డాంచిన్ అనే పరిశోధకులు దీంతోనే 6×6 గళ్ల పలక చేశారు. 6 అడ్డ వరసలు, 6 నిలువు వరసలు ఒక్కోటీ మెరుస్తుంటాయి, మీ అక్షరం ఉన్న రెండు వరసలు మెరిసినప్పుడే అల లేస్తుంది, ఆ రెండూ కలిసే గడే మీ అక్షరం. ఇంగ్లిష్‌కి 26 అక్షరాలు పోను ఇంకా చోటు మిగులుతుంది.

మనకి హల్లులే, క నుంచి ఱ దాకా క్షతో కలిపి, 36! అచ్చులకి చోటేదీ? ఙ, ఞ, ఱ, క్ష మొహమాటం లేకుండా తీసేయండి, ఆ నాలుగు గళ్లలో వరసగా అచ్చులు, మాటల మధ్య ఖాళీ, తుడుపు, పిలుపు గంట పెట్టండి. హల్లు ఎంచుకోగానే 4×4 గుణింతం పలక వస్తుంది: తలకట్టు నుంచి ఔత్వం దాకా 13, సున్న, పొల్లు, ఇంకో తుడుపు.

ఇప్పుడు లెక్క. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకి 60 ఫ్రేములు చూపేది, చాలు. మెరుపుకి 10 ఫ్రేములు ఇస్తే 12 మెరుపులకి 2 సెకన్లు, ఒక్కసారి వచ్చిన అల మిగతా రొదలో కనపడదు కాబట్టి 10 చుట్ల సగటు తీస్తాం, అంటే హల్లుకి 20 సెకన్లు, గుణింతానికి 13 పైచిలుకు. 'నీళ్లు' అనడానికి న, ళ, ల మూడు హల్లులూ వాటి గుర్తులూ కలిపి 100 సెకన్లు! పలక ఇంకా చిన్నది చేస్తే పోలా అంటారేమో, అక్కడే తిరకాసు: అరుదుగా మెరిసేదానికే అల బలంగా లేస్తుంది. 6×6లో మనది ఆరింట ఒకటి, 4×4లో నాలుగింట ఒకటి, ఇంకా తగ్గిస్తే అల నీరసిస్తుంది.

అందుకే మొదటి పలక అక్షరాలది కాకుండా మాటలది పెట్టమంటాను. నీళ్లు, నొప్పి, కఫం తీయండి, పక్కకి తిప్పండి, ఫ్యాన్... ఒక్కో మాటకి 20 సెకన్లే. బెంగళూరులో చూసుకునే ఆయా కన్నడావిడే అయ్యుండొచ్చు, కాబట్టి గడిలో 'నీళ్లు' అని రాసున్నా స్పీకర్ 'నీరు బేకు' అనాలి. పొరపాట్లు ఎక్కువగా పక్క గడిమీదకే జారతాయి, 'అవును' పక్కన 'కాదు' పెట్టకండి, పెడితే ఇంట్లో గొడవలే.

వచ్చే వారానికి హోంవర్క్: మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఆ మాటల పలకకి 36 మాటలూ రాసుకురండి, మీరే ఊహించి నింపొద్దు.