రొయ్యపిల్ల కొనేముందు తల్లి రొయ్య సంగతి అడగండి

చెరువుల్లో పెంచే వెనామీ రకం తల్లి రొయ్యలను మన దేశానికి 2009 నుంచి విదేశాల నుంచి తెప్పించుకుంటున్నాం. అవి ముందుగా చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షల్లో నెగ్గిన తరువాతే రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. కాబట్టి సీడు (రొయ్యపిల్ల) బేరమాడే ముందు, తల్లి రొయ్యల క్వారంటైన్ పత్రాన్నీ, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వద్ద హేచరీ రిజిస్ట్రేషన్‌నూ చూపమని అడగడం రైతు హక్కు.

అయితే ‘ఎస్‌పీఎఫ్’ అన్న ముద్రను చూసి నిశ్చింతగా ఉండకూడదు. నిర్దేశిత వ్యాధికారకాలు లేని మంద నుంచి వచ్చాయనడమే దాని అర్థం గాని, రోగం సోకదని కాదు. హేచరీలో తల్లి రొయ్యలకు మేపే బతికున్న సముద్రపు పురుగుల ద్వారానే తెల్లమచ్చల వైరస్, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి మళ్లీ ప్రవేశించవచ్చు గనుక, ఏ మేత వాడారో, దానిని పరీక్షించారో లేదో కూడా కనుక్కోవాలి (ఈ ప్రశ్న అడిగేవారు బహు అరుదు).

రోగకారకాల జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు చురుకైన పిల్లలను కాక, తొట్టి అడుగున నీరసంగా పడి ఉన్నవాటిని ఏరి పంపండి. రోగం ఉంటే ముందుగా బయటపడేది వాటిలోనే. ఈహెచ్‌పీ పరీక్షను ప్రత్యేకంగా అడిగి చేయించండి, ఎందుకంటే అది రొయ్యలను మూకుమ్మడిగా చంపదు, ఎదుగుదలను ఆపి మేత ఖర్చును మాత్రం పెంచుతుంది. పిల్లలను చెరువు నీటికి అలవాటు చేశాక సన్నకన్ను వలలోకి వంచుకుని వదలండి, పిల్లలు వచ్చిన సంచిలోని నీటిని చెరువులో పోయకండి.