విండ్ చైమ్స్ కోసం పైపు కోసేముందు

గాలికి ఊగి మోగే విండ్ చైమ్స్‌కి కావాల్సింది పల్చటి పైపు. అల్యూమినియం, రాగి, ఇత్తడి, ఏదైనా సరే హ్యాక్సా బ్లేడుతో చేత్తోనే తెగుతుంది. అందుకే ముందుగానే చెప్తున్నాను, ఈ పనికి లోహం కోసే యాంగిల్ గ్రైండర్ బయటికి తీయకండి. నాలుగంగుళాల గ్రైండర్ చక్రం నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. అల్యూమినియం మెత్తటి లోహం కాబట్టి మామూలు ఇనుము కోసే చక్రానికి అంటుకుపోతుంది. దాంతో చక్రం వేడెక్కి, పట్టేసి, పగిలిపోయే ప్రమాదం ఉంది. నాలుగు పైపు ముక్కల కోసం అంత రిస్కు ఎందుకు?

పాత సామాన్ల కొట్లో జీఐ పైపు చవగ్గా దొరుకుతుంది. దాని మీద జింకు పూత ఉంటుంది. గ్యాస్ కటింగుతో కోయిస్తే ఆ పూత కాలి వచ్చే పొగ పీల్చినవాళ్ళకి కొన్ని గంటల్లో చలితో జ్వరం రావచ్చు. దాన్నీ హ్యాక్సాతోనే కోయండి. రెండు చివరలూ మూసేసి ఉన్న పైపు, లోపల ఏముందో తెలియని పైపు మాత్రం అసలు ముట్టుకోవద్దు.

పల్చటి పైపుకి అంగుళానికి 32 పళ్ళున్న బ్లేడు వాడండి. పళ్ళు పెద్దవైతే అంచుకి తగులుకుని బ్లేడు విరుగుతుంది. పళ్ళు ముందుకి చూసేలా బిగించాలి. పైపుని కాలి కింద తొక్కిపట్టి కోసే అలవాటు చాలామందికి ఉంది, అది మానుకోండి. బెంచ్ వైస్‌లో (బల్లకి బిగించిన పట్టులో) రెండువైపులా చెక్కముక్కలు పెట్టి, పైపు నొక్కుకుపోకుండా బిగించండి. తెగిపోయే ముందు బలం తగ్గించండి. లేకపోతే చెయ్యి ఒక్కసారిగా జారి పదునైన అంచు మీద పడుతుంది.

వేళ్ళు ఎక్కువగా తెగేది పొడవు సరిచేసేటప్పుడే. పైపు పొడవు సగమైతే స్వరం రెండు స్థాయిలు (ఆక్టేవులు) పెరుగుతుంది, అంటే కొద్ది తేడా కూడా చెవికి తెలిసిపోతుంది. దాంతో రెండు మిల్లీమీటర్ల రింగు కోద్దామనిపిస్తుంది. అంత సన్నటి ముక్క తీసేటప్పుడు బ్లేడు జారుతుంది. ముందే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, మిగతాది ఆకురాయితో అరగదీయండి. లోపలి అంచు కూడా గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయాలి.

వేలాడదీసే రంధ్రం చివరి నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర వేస్తే శబ్దం ఎక్కువసేపు నిలుస్తుంది. 40 సెంటీమీటర్ల పైపుకి అది దాదాపు 9 సెంటీమీటర్లు. అక్కడ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, డ్రిల్ బిట్ జారదు. పైపు లోపల చెక్క కర్ర దూర్చి, వైస్‌లో బిగించాకే డ్రిల్ ఆన్ చేయండి. చేత్తో పట్టుకుంటే, బిట్ అవతలికి దిగే క్షణంలో పైపు గిర్రున తిరుగుతుంది. డ్రిల్ దగ్గర గ్లోవ్స్, చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు. రంధ్రం అంచులు కూడా నున్నగా ఉండాలి. లేకపోతే గాలికి ఊగి ఊగి తాడు తెగి, కింద ఆడుకునే పిల్లల మీద పైపు పడుతుంది.

కళ్ళజోడు ఉన్నా సరే, పక్కలు మూసి ఉండే గాగుల్స్ పెట్టుకోవాల్సిందే. రజను చేత్తో తుడవకండి, నోటితో ఊదకండి, బ్రష్‌తో ఎత్తండి. కంట్లో పడితే నలపకుండా శుభ్రమైన నీళ్ళతో కడగండి. అప్పటికీ గరగరలాడుతున్నా, రజను గుచ్చుకుందని అనిపించినా పిన్నుతోనో గుడ్డ కొసతోనో తీసే ప్రయత్నం చేయకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.