సంక్రాంతి ప్రయాణం లోపే కొత్త కారు హెడ్‌లైట్ల సంగతి చూసుకోండి

కొత్త కారు కొన్నవాళ్లలో చాలామంది మొదటి రెండు మూడు నెలలు సిటీలోనే తిప్పుతారు. వీధి దీపాల వెలుతురులో హెడ్‌లైట్లు ఏపాటివో తెలియదు. పండక్కి ఊరు బయలుదేరి, పంతంగి టోల్‌గేటు రద్దీ తప్పించుకుందామని తెల్లవారుజామున మూడింటికే హైదరాబాద్ దాటితే అప్పుడు తెలుస్తుంది. బానెట్ ముందు కాస్త పసుపు వెలుతురు, ఆపైన అంతా చీకటే. హైవే దిగి ఊరి రోడ్డెక్కితే ఇంకా టెన్షన్. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ అంచు కోసం పెట్టిన రాళ్లు, వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, దారికడ్డంగా నిలబడ్డ గేదె. ఇవన్నీ దగ్గరికొచ్చాకే కనిపిస్తాయి.

"ఇన్ని లక్షలు పోసి కొంటే ఈ గుడ్డి లైట్లేంటి" అని విసుక్కుని, మర్నాడే యాక్సెసరీస్ షాపుకు వెళ్తాం. అక్కడి కుర్రాడు "రోడ్డంతా పగల్లా అయిపోద్ది సార్, అరగంట పని" అంటాడు. ఆ అరగంట పనికి ఒప్పుకునే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. నన్నడిగితే, కొత్త బండిలో లైటు చాలడం లేదంటే చాలాసార్లు తప్పు బల్బుది కాదు, ఆ వెలుతురు పడాల్సిన చోట పడకపోవడానిది.

ముందుగా స్టీరింగ్‌కు పక్కన, డ్యాష్‌బోర్డు కింది భాగంలో 0, 1, 2, 3 అంకెలతో ఒక చిన్న చక్రం ఉందేమో చూడండి. హెడ్‌లైట్ బొమ్మ, పక్కన పైకీ కిందికీ బాణం గుర్తులు ఉంటాయి. ఇది లైటు ఎత్తు సరిచేసే లెవెలర్. 0 దగ్గర లైటు పైకి ఉంటుంది, 3 వైపు తిప్పేకొద్దీ కిందికి దిగుతుంది. షోరూములో ఎవరో తిప్పి ఉంటారు, లేదా పిల్లలు ఆడుకుంటూ తిప్పి ఉంటారు. అది 3లో ఉండిపోతే ఎంత మంచి బల్బు వేసినా వెలుతురు బంపరు ముందే పడుతుంది. ముందు సీట్లలో ఒకరిద్దరే ఉన్నప్పుడు 0లో పెట్టాలి. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉంటే బండి వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది, లైటు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. అప్పుడు 2 గానీ 3 గానీ పెట్టాలి. పండగ నుంచి తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తాలు, అరిసెల డబ్బాలు ఎలాగూ ఎక్కుతాయి కాబట్టి ఈ చక్రం పని అప్పుడే ఎక్కువ.

తర్వాత గోడ పరీక్ష. దీనికి మెకానిక్ అక్కర్లేదు. చదునైన నేల మీద, గోడకు ఎదురుగా, హెడ్‌లైట్ నుంచి 5 మీటర్ల దూరంలో బండి ఆపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి, లెవెలర్ 0లో ఉండాలి. నేల నుంచి హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. లో బీమ్ (దగ్గరికి, కిందికి పడే లైటు) వేస్తే గోడ మీద వెలుగుకీ చీకటికీ మధ్య ఒక అంచు కనిపిస్తుంది. ఆ అంచు గీతకు దాదాపు 5 సెంటీమీటర్ల కింద ఉండాలి. చాలా కార్లకు ఇది 1 శాతం వాలు లెక్క. మీ బండికి ఎంతో హెడ్‌లైట్ మీదో, బానెట్ కింది స్టిక్కర్ మీదో రాసి ఉంటుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఆ అంచు ఎడమ పక్కకు కాస్త పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్లు, మైలురాళ్లు కనపడాలని అలా చేస్తారు, అది లోపం కాదు. ఒక లైటు అంచు గీతకు చాలా కింద, రెండోది సరిగ్గా ఉంటే మీ సమస్య దొరికినట్టే. వారంటీలో ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి ఎయిమింగ్, అంటే లైటు పడే తీరు సరిచేసే పని, చేసిపెట్టమని అడగండి. స్క్రూ తిప్పే పనే, కానీ మిషన్ పెట్టి చేస్తే రెండూ సమానంగా వస్తాయి.

అద్దం కూడా చూడాలి. కొత్త కారు లోపలి ప్లాస్టిక్ ఎండకు వేడెక్కినప్పుడు వచ్చే ఆవిరి ముందద్దం లోపలివైపు పల్చటి జిడ్డు పొరలా పేరుకుంటుంది. పగలు కనపడదు. రాత్రి ఎదురుగా లారీ వస్తే అద్దమంతా తెల్లగా విచ్చుకుంటుంది, మనమేమో లైట్లను తిట్టుకుంటాం. మెత్తటి పొడిగుడ్డ, గ్లాస్ క్లీనర్ చాలు.

ఇవన్నీ అయ్యాక కూడా వెలుతురు చాలడం లేదంటే అప్పుడు బల్బు గురించి ఆలోచించండి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వచ్చిన బండికి సాధారణంగా మార్చడానికి బల్బు ఉండదు, ఎయిమింగ్ వరకే మన పని. లోపలి సన్నని తీగ (ఫిలమెంట్) వేడెక్కి వెలిగే హాలోజెన్ బల్బు అయితే యూజర్ మాన్యువల్‌లో బల్బు రకం చూడండి. చిన్న కార్లలో ఎక్కువగా హెచ్4. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, దూరం కొట్టే హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55. హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 లాంటివైతే లో బీమ్‌కూ హై బీమ్‌కూ విడివిడి బల్బులుంటాయి.

తేలికైన, గొడవలేని దారి ఒకటుంది. అదే వాట్లలో మెరుగైన హాలోజెన్ వేయడం. ఫిలిప్స్, ఓస్రామ్ లాంటి కంపెనీలు వీటిని అమ్ముతున్నాయి. ఫిలమెంట్‌ను ఇంకా కచ్చితంగా అమర్చడం వల్ల వెలుతురు దూరం పడుతుంది, వైరింగ్ మీద అదనపు భారం పడదు. అట్ట మీద "130 శాతం ఎక్కువ" అని చూసి రెట్టింపు వెలుతురని ఆశపడకండి. ఆ లెక్క చట్టం అడిగే కనీస వెలుతురుతో పోల్చి, రోడ్డు మీద కొన్ని చోట్ల మాత్రమే తీసినది. తేడా కనపడుతుంది గానీ, షాపు కుర్రాడు చెప్పినట్టు రోడ్డంతా పగల్లా మాత్రం అవదు. పైగా వీటి ఆయుష్షు మామూలు బల్బు కంటే తక్కువ. రోజూ రాత్రి తిరిగేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నీలం పూత పూసిన హాలోజెన్లు మాత్రం వద్దు. ఫొటోల్లో తెల్లగా అందంగా ఉంటాయి కానీ ఆ పూతే కొంత వెలుతురు మింగేస్తుంది. వానలో తడిసిన రోడ్డు మీద ఇంకా అన్యాయం.

ఇంకో దారి రిలే వైరింగ్, అంటే స్విచ్ మీదుగా కాకుండా బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు పంపే ఏర్పాటు. బ్యాటరీ నుంచి స్విచ్ మీదుగా బల్బుకు వెళ్లేసరికి వోల్టేజీ కొంత తగ్గుతుంది. హాలోజెన్‌కు వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 16 శాతం పడిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గరా, వెలుగుతున్న బల్బు కప్లర్ (వైర్లను బల్బుకు తగిలించే ప్లగ్గు) దగ్గరా కొలిపించండి. అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటేనే రిలే కిట్ ఉపయోగం. అదీ ఫ్యూజ్ ఉన్న, కప్లర్‌కు కప్లర్ తగిలించే కిట్ అయ్యుండాలి. కొత్త బండి వైరు కోసి టేపు చుట్టారంటే ఎలక్ట్రికల్ వారంటీ మీద ఆశ వదులుకోవచ్చు. ఈమధ్య బండ్లలో హెడ్‌లైట్లను కంప్యూటరే నడిపిస్తోంది, వాటికి రిలే పెడితే లైటు మినుకుమినుకుమనొచ్చు. సర్వీస్ సెంటర్‌ను ముందే అడగండి, జవాబు వాట్సాప్‌లోనైనా సరే రాతలో తీసుకోండి.

హై బీమ్‌కు 100, లో బీమ్‌కు 90 వాట్లు లాగే 100/90 బల్బుల గురించి ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెప్తారు. జత ఒకేసారి వెలిగితే 17 ఆంపియర్ల దాకా లాగుతాయి. కంపెనీ వైరింగ్ తయారుచేసింది 60/55 వాట్ల బల్బులకే. హోల్డర్ ప్లాస్టిక్ కరిగి, రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నె) మీది మెరుపు మసిబారి, చివరికి ఫ్యూజ్ కొట్టేస్తుంది. ఫ్యూజ్ కొట్టేసిందని దానికంటే పెద్ద ఫ్యూజ్ వేయించుకునేవాళ్లున్నారు. అది మంట పెట్టుకోవడమే. వైరు కాలకముందే ఫ్యూజ్ పోవాలన్నది దాని ఉద్యోగం.

ఇక అందరూ అడిగేది ఎల్‌ఈడీ బల్బు. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ ఎందుకు కుదరదో తెలియాలంటే ఒక హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూడండి, గాజు ముట్టుకోకుండా. లో బీమ్ ఫిలమెంట్ కింద దోసిలి పట్టినట్టు చిన్న లోహపు రేకు ఉంటుంది. కిందికి పోయే వెలుతురును అది ఆపడం వల్లే గోడ మీద ఆ అంచు ఏర్పడుతుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ సన్నని ఫిలమెంట్ ఎక్కడుందో లెక్కేసి తయారయ్యాయి. ఎల్‌ఈడీలో చిప్పులు రెండు పక్కలా అతికించి ఉంటాయి, వాటి మధ్య మందం వేరు. కాస్త జరిగినా, బల్బు కాస్త తిరిగినా వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. మనకు మాత్రం ముందు పది మీటర్లు తెల్లగా మెరిసిపోతూ బాగున్నట్టే ఉంటుంది. అక్కడే మోసం. దగ్గర అంత వెలుతురుంటే కన్ను దానికే అలవాటుపడి దూరంగా చీకట్లో ఉన్నదాన్ని పట్టుకోలేదు. గేదె ఉండేదేమో ఆ దూరంలోనే.

దానికి తోడు ఎల్‌ఈడీ వెనక ఫ్యానూ, వేడి లాగే దిమ్మా ఉంటాయి. రబ్బరు మూత పట్టక దాన్ని కోస్తారు, లేదా మూత లేకుండానే వదిలేస్తారు. మొదటి వానాకాలానికి హెడ్‌లైట్ లోపల నీళ్లు. ఎల్‌ఈడీకి కరెంటు అందించే నాసిరకం సర్క్యూట్ (డ్రైవర్) వల్ల ఎఫ్‌ఎం రేడియోలో గరగర శబ్దం రావడం ఇంకో చిల్లర తలనొప్పి. హెడ్‌లైట్‌లో గుండ్రటి లెన్సు (ప్రొజెక్టర్) ఉన్న బండ్లలో అంచు కాస్త మెరుగ్గా వస్తుంది గానీ, దాన్నీ గోడ మీద చూశాకే నమ్మాలి.

చట్టం సంగతి కూడా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ప్రకారం ముందు లైటు కిందికి వాలి ఉండాలి. 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. పెట్టె మీద "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని ఇంగ్లిష్‌లో చిన్నక్షరాల్లో రాసి ఉంటే ఆ బల్బు మన రోడ్డుకు కాదు. బల్బు అడుగున వలయంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన అంకె ఉందో లేదో చూడండి, అనుమతి పొందిన బల్బుకు ఆ గుర్తు ఉంటుంది. ముద్ర చెరిగినట్టుంటే నకిలీ అని అనుమానించాల్సిందే.

బల్బు మార్చే పని ఇంట్లోనే చేసుకోవచ్చు. లైట్లు ఆపి, ఇంజిన్ ఆపి, బల్బు చల్లారేదాకా ఆగండి. కప్లర్‌ను వైర్లు పట్టుకుని లాగొద్దు, దాని ప్లాస్టిక్ ఒంటినే పట్టుకుని అటూఇటూ కదుపుతూ లాగాలి. రబ్బరు మూత తీస్తే స్ప్రింగు క్లిప్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి పక్కకు జరిపితే బల్బు వచ్చేస్తుంది. క్లిప్ చివర ఎలా తగులుకుని ఉందో తీసే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత వేళ్లు దూరని సందులో తడుముకోవాల్సిన పని ఉండదు. కొత్త బల్బు గాజును వేళ్లతో తాకొద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తాకితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. హెచ్4కు మూడు చెవులుంటాయి, ఒక్క తీరులోనే కూర్చుంటుంది. బలవంతం చేయాల్సి వస్తోందంటే వంకరగా పెడుతున్నట్టే. రెండువైపులా జతగా మార్చండి. మూత గట్టిగా పట్టిందో లేదో చూసి, మళ్లీ గోడ పరీక్ష చేయండి.

ఆ తర్వాత ఒక రాత్రి చీకటి రోడ్డు మీద నడిపి చూడండి. ఓఆర్‌ఆర్ మీద కాదు, అక్కడ దారంతా దీపాలే. నడిపేటప్పుడు ఒక లెక్క గుర్తుంటే మంచిది. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే సెకనున్నర, అంటే 33 మీటర్లు. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు కొడితే ఇంకో 36. అంటే ఆగడానికి 70 మీటర్లు కావాలి. హాలోజెన్ లో బీమ్‌లో నల్లటి గేదెగానీ, ముదురు రంగు దుప్పటి కప్పుకున్న మనిషిగానీ అంత దూరంలో కనపడటం కష్టం. ఎదురు బండి లేనప్పుడు హై బీమ్ వాడండి, రాగానే డిప్ చేయండి. ఎదుటివాడు డిప్ చేయకపోతే అతని లైట్ల వైపు చూడకుండా ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని వేగం తగ్గించండి. మనం కూడా పగబట్టి హై బీమ్ కొడితే ఇద్దరమూ గుడ్డివాళ్లమే.

జనవరి తెల్లవారుజామున నందిగామ, విజయవాడ వైపు పొగమంచు కమ్మిన రోజుల్లో హై బీమ్ పనికిరాదు, మంచు మీద కొట్టి తిరిగి మన కళ్లకే వస్తుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంప్. నడుస్తూ నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మానేయండి, మీరు ఆగి ఉన్నారో వెళ్తున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. కొత్త కార్లలో ఇంకో చిక్కుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు డీఆర్‌ఎల్‌లు (పగటిపూట వెలిగే చిన్న లైట్లు) వెలుగుతాయి, డ్యాష్‌బోర్డూ వెలుగుతుంది, లైట్లు వేసేశామనుకుంటాం. చాలా బండ్లలో అప్పటికి వెనక ఎర్ర లైట్లు వెలగవు. లైట్ల స్విచ్‌ను 'ఆటో' గుర్తు దగ్గర పెట్టినా, పగటి మంచు తెల్లగా ఉండటంతో సెన్సార్‌కు చీకటి అనిపించదు. మంచులో స్విచ్ మన చేత్తో తిప్పాల్సిందే.

తీసేసిన పాత బల్బులు పారేయకండి. కొత్త బల్బులొచ్చిన డబ్బాలోనే గాజు తాకకుండా పెట్టి, రెండు ఫ్యూజులు, ఒక చిన్న టార్చి జతచేసి డిక్కీలో ఉంచండి. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక ఒక లో బీమ్ పోతే తెరిచి ఉన్న షాపు దొరకదు.