పాస్ ఉన్నా గేటు దగ్గర వెనక్కి రాకుండా రాకీ మౌంటెన్ పార్కు చూడటం ఎలా?

వేసవిలో మా ఇంటికొచ్చే చుట్టాల్లో సగం మంది కొలరాడోలోని డెన్వర్‌లో దిగి, మర్నాడు తీరిగ్గా టిఫిన్లు చేసి, పది గంటలకి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి బయల్దేరతారు. లోపలికెళ్ళే గంటకి పర్మిట్ తీసుకున్నారా అని అడిగితే "ఏడాది పాస్ ఉంది కదా" అంటారు. పన్నెండు కాకముందే ఫోన్ వస్తుంది, గేటు దగ్గర వెనక్కి తిప్పేశారని. పోయినేడాది మా బావమరిది వాళ్ళ కారులో ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారూ మామగారూ ఉన్నారు. పార్కు గేటు పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊళ్ళో ఓ బల్ల దగ్గర కూర్చుని పులిహోర తినేసి తిరిగొచ్చారు. మధ్యాహ్నం రెండు దాటేదాకా ఆగి ఉంటే పర్మిట్ లేకుండానే ట్రైల్ రిడ్జ్ రోడ్డు ఎక్కి, పన్నెండు వేల అడుగుల పైనుంచి కొండలన్నీ చూసేవాళ్ళు. ఆ సంగతి కారులో ఎవరికీ తెలీదు.

ముందు పాస్, అంటే అమెరికా నేషనల్ పార్కులన్నిటికీ ఏడాదిపాటు చెల్లే ప్రవేశ కార్డు. ఇది తేలిక. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో కొనండి. అమెరికాలో ఉండేవాళ్ళకి 80 డాలర్లు. ఈ పార్కులో వారం రోజుల కారు టికెట్ 35 డాలర్లు కాబట్టి, ఏడాదిలో ఇలాంటివి మూడు పార్కులు చూస్తే పాస్ గిట్టుబాటవుతుంది. వచ్చే ఏడాది అదే నెల ఆఖరి రోజు దాకా చెల్లుతుంది కనుక ఎప్పుడూ ఒకటో తారీఖునే కొనండి. పాస్ మీద పేరున్న మనిషి ఫొటో గుర్తింపు కార్డుతో సహా కారులో ఉండాలి. నాలుగో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళ పేరు మీద ఉచిత పాస్ ఉంది, కొనేముందు అది చూసుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే లెక్క మారుతుంది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి ఏడాది పాస్ 250 డాలర్లు. ఏడాది పాస్ లేకపోతే, జనం ఎక్కువగా వచ్చే 11 పార్కుల్లో 16 ఏళ్ళు నిండిన ఒక్కొక్కరూ మామూలు టికెట్ కాక మరో 100 డాలర్లు కట్టాలి. ఆ 11లో రాకీ మౌంటెన్ ఒకటి. టికెట్లు బుక్ చేసేటప్పుడే ఇది బడ్జెట్‌లో వేసుకోండి.

ఇక అందరూ పొరపాటు చేసేది పర్మిట్ దగ్గర. నిదానంగా చదవండి.

పాస్ అంటే ప్రవేశ రుసుము కట్టేశారని, అంతే. ఏ గంటకి లోపలికి వదులుతారో చెప్పేది పర్మిట్. మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య దాకా, కింద చెప్పిన గంటల్లో వెళ్ళాలంటే ఈ రెండూ చేతిలో ఉండాలి. పర్మిట్ కూడా అదే సైట్‌లో, రెండు డాలర్లు, అవి తిరిగి రావు. పర్మిట్లు రెండు రకాలు. ఒకటి బేర్ లేక్ అనే సరస్సుకి వెళ్ళే రోడ్డుతో కలిపి ఇచ్చేది, పొద్దున్న 5 నుంచి సాయంత్రం 6 లోపు వెళ్ళడానికి. రెండోది ఆ రోడ్డు వదిలేసి మిగతా పార్కుకి, 9 నుంచి 2 లోపు వెళ్ళడానికి. తొందరలో రెండోది కొనేసి బేర్ లేక్ వైపు కారు తిప్పితే అక్కడా ఆపేస్తారు. బుక్ చేసేముందు బేర్ లేక్ అన్న మాట తెర మీద కనబడుతోందో లేదో రెండుసార్లు చూడండి.

మనం ఎంచుకున్న గంట నుంచి రెండు గంటల లోపు గేటు దాటాలి. దాటాక ఎంతసేపున్నా అడిగేవాళ్ళు లేరు. ఎక్కువమంది పోగొట్టుకునేది ఈ రెండు గంటలనే. డెన్వర్ నుంచి గంటన్నర పైనే పడుతుంది, గేటు ముందు వరస వేరే. తొమ్మిది స్లాట్ అయితే ఇంట్లోంచి ఆరున్నరకే కదలాలి. పిల్లలకి కారులోనే తినిపించుకోండి.

ఏ నెల పర్మిట్లు అంతకుముందు నెల ఒకటో తారీఖున (మే నెలాఖరువి మాత్రం జూన్‌వాటితో పాటే మే ఒకటిన) పొద్దున్న 8 గంటలకి తెరుస్తారు. అది కొలరాడో టైము. న్యూజెర్సీలో పది, డల్లాస్‌లో తొమ్మిది, బే ఏరియాలో ఏడు. మంచి గంటలు చూస్తుండగానే అయిపోతాయి. దొరకలేదని టెన్షన్ పడొద్దు. కొన్ని పర్మిట్లు అట్టిపెట్టి, వెళ్ళే రోజుకి ముందు రాత్రి 7 గంటలకి వదులుతారు. ఏడుకి రెండు నిమిషాల ముందే లాగిన్ అయ్యి కూర్చోండి. దొరకగానే స్క్రీన్‌షాట్ తీయండి, కాగితం మీద కూడా ప్రింట్ తీసుకోండి. గేటు దగ్గర సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకునేవాళ్ళని ప్రతిసారీ చూస్తాను. తారీఖులు, నియమాలు ఏటా సవరిస్తుంటారు కాబట్టి పార్కు సైట్ కూడా ఒకసారి తెరిచి చూడండి.

"ఇంత గొడవెందుకు, టికెట్ ధర పెంచితే జనం తగ్గుతారు కదా" అని మా స్నేహితులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. 2017లో రద్దీ నెలలకి 17 పార్కుల్లో కారుకి 70 డాలర్లు చేద్దామని ప్రతిపాదించారు. లక్ష మందికి పైగా అభిప్రాయాలు రాశారు, ఎక్కువమంది వద్దన్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో దాన్ని పక్కన పెట్టి చాలాచోట్ల ఐదు డాలర్లే పెంచారు. విమానానికీ అద్దె కారుకీ హోటల్‌కీ వేలు పోసినవాడు గేటు దగ్గర ముప్పై డాలర్ల కోసం ఆగిపోడు. బరువంతా పక్క ఊళ్ళో కూలి చేసుకునే కుటుంబం మీద పడుతుంది. పైగా టికెట్ శనివారం మధ్యాహ్నానికీ మంగళవారం తెల్లవారుజాముకీ ఒకటే ధర. ఏడాది పాస్ ఉన్నవాడికి ఇంకోసారి రావడానికి ఖర్చే లేదు. ఇక వాడు రోజెందుకు మార్చుకుంటాడు? ఇక్కడ 2019లో 46 లక్షలకి పైగా వచ్చారు, 2020లో గంటల పర్మిట్ పెట్టారు, 2024లో 41 లక్షల పైచిలుకు వచ్చారు. అన్నిటికంటే మించి, వచ్చేవాళ్ళు ఒక్క వేళకే గుమిగూడకుండా రోజంతటా సర్దుకున్నారు. పార్కు వసూలు చేసే రుసుములో కనీసం 80 శాతం ఆ పార్కు బాగుకే ఖర్చవుతుంది కాబట్టి ఆ డబ్బు ఇవ్వడానికి నాకేమీ బాధ లేదు. గుంపుని విడదీసేది మాత్రం గడియారమే.

వెళ్ళే రోజు సంగతి చిన్నదే. మంగళవారమో బుధవారమో వెళ్ళాలి. శనివారం వద్దు. ఐదు గంటల స్లాట్ తీసుకోండి, లేదా ఐదుకి ముందే గేటు దాటండి, అప్పుడు పర్మిటే అక్కర్లేదు. బేర్ లేక్ పార్కింగ్ నిండిపోయిందంటే గిరగిరా తిరక్కుండా కిందున్న పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి షటిల్ ఎక్కండి. పెద్దవాళ్ళుంటే అదే రోడ్డు మీదున్న స్ప్రేగ్ లేక్ దగ్గర దించండి. చుట్టూ బాట చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. జూన్‌లోనూ తెల్లవారుజామున చలి వణికిస్తుంది, శాలువా మరవొద్దు. ఈ ఏడాది మా అత్తగారూ మామగారూ అక్కడి బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతుంటే, ఎదుటి కొండ కొస గులాబీ రంగుకి తిరిగి, అదే రంగు నీళ్ళలోకి దిగింది. పార్కింగ్‌లో అప్పటికి ఆరు కార్లున్నాయి.